చుక్క లేని చోట వెతికిన చుక్కలక్క

పంతొమ్మిది వందల తొంభై జూన్ పదకొండవ తేదీ, సోమవారం ఉదయం, చేతిలో నియామక పత్రంతోనూ చంకలో గొడుగుతోనూ మన ఔషధ మొక్కల పరిశోధన కేంద్రంలో అడుగుపెట్టిన చుక్కలక్క, ముప్పై నాలుగేళ్ల అవిశ్రాంత సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మొక్క కనబడిన ప్రతిచోటికీ పటం మీద ఎర్రచుక్క పెట్టడం ఆమె పని కనుక ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

తొలి పదేళ్లు ట్రేసింగు కాగితం మీద పటాలు గీశారు. కంప్యూటరు వచ్చిన కొత్తలో మౌసు పట్టుకోవడం కూడా రాకపోయినా, ఏడాది తిరక్కుండా మాకందరికీ నేర్పే స్థాయికి చేరి, క్రమంగా విభాగాధికారిణి అయ్యారు. "కొండ మీద ఏ మొక్క ఎక్కడుందో చెబుతుంది గానీ, ఇంట్లో తాళంచెవులు ఎక్కడ పెట్టిందో చెప్పలేదండీ" అని దర్జీపని చేసే ఆమె భర్తగారు మాతో మొరపెట్టుకోని ఏడాది లేదు.

ఆ సేవకు శిఖరం నిరుడు వానలకు ముందు వచ్చింది. జ్వరానికి వేరు మందుగా పనికొచ్చే ఒక చిన్న మొక్క అడవిలో కనుమరుగవుతోంది. మన నర్సరీలో మిగిలినవి రెండువేల మొక్కలే. తప్పుచోట నాటితే అవీ దక్కవు. ఇరవయ్యేళ్ల చుక్కలన్నీ అప్పగిస్తే, రోడ్ల పక్క నేలలే శ్రేష్ఠమని కంప్యూటరు తేల్చింది. అందరం కూర్చున్న సమావేశంలో డైరెక్టరుగారు సంతకానికి కలం తీయగానే చుక్కలక్క పటం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండి సార్! మొక్కకి రోడ్డంటే ఇష్టం కాదు, మనకి నడవాలంటే బద్ధకం. జీపు ఆగినచోటే వెతికాం, అక్కడే చుక్కలు పెట్టాం. వీటిలో సగం నేను పెట్టినవే."

సొంత పనిలో లోపాన్ని నిండు సభలో చెప్పడానికి ఎంత గుండె కావాలి! రోడ్డు పక్క చుక్కల ప్రాబల్యం తగ్గించి, నీడకూ తేమకూ పెద్దపీట వేసి ఆమె గీసిన కొత్త పటం, వాగు అవతల ఎవరూ తొక్కని ఉత్తరపు వాలును చూపింది. అక్కడ ఒక్క చుక్కా లేదు.

"వారం టైమిస్తాను. కనబడకపోతే పాత పటమే" అన్నారు డైరెక్టరుగారు.

అరిగిన మోకాళ్లతో, జీపు డ్రైవరు తోడుగా ఆమె కొండెక్కారు. రెండురోజులు తిరిగినా ఆకు కూడా కనబడలేదు. ఏనాడూ గొంతు పెంచని మనిషి, మూడోరోజు మధ్యాహ్నం ఒక్క కేక పెట్టారు.

"ఉంది! ఉందయ్యా!"

"పామా మేడమ్?" డ్రైవరు అప్పటికే బండరాయి ఎక్కేశాడు.

"పాము కాదు నాయనా, మన మొక్క! ఇదిగో ఇంకోటి! అయ్యో, కాలు జాగ్రత్త, అక్కడా ఉంది!"

సాయంత్రానికి రెండువందల ముప్పై దాకా లెక్కపెట్టి, ఇక ఓపిక లేక ఆపేశారట. ఫోనులో ఆ మాట విన్న మేము ఆఫీసులో గంతులేశాం. డైరెక్టరుగారూ వేశారు, మేమందరం సాక్షులం. ఆ వాలులోనే నాటిన మన రెండువేల మొక్కల్లో ఈ వేసవి దాటి పద్ధెనిమిది వందలు పచ్చగా నిలిచాయి.

వాటి వేరు మందుకు పనికి రావడానికి ఆరేళ్లు పడుతుంది. ఆ తొలి పంటనాటికి చుక్కలక్క సంపూర్ణ ఆరోగ్యంతో, భర్తగారిని వెంటబెట్టుకుని, తన కాళ్లతోనే ఆ వాలెక్కి తొలివేరు తన చేతులతో తవ్వాలనీ, అటు తర్వాత కూడా నిండు నూరేళ్లు హాయిగా నడుస్తూ, జీపు దిగని మాలాంటి వాళ్లను తిడుతూనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.