పెళ్ళివారు కూర్చునే గది

అలెగ్జాండ్రియాలోని ఆ పాత ఇంట్లో స్నానాలగది తూము మళ్ళీ పైకి తన్నింది. ఆమె మురుగునీరు బకెట్లతో ఎత్తిపోస్తూనే మొగుడితో వాదిస్తోంది.

"అతిథుల గది తవ్వనివ్వను," అన్నాడాయన. "గురువారం మన నెర్మీన్ పెళ్ళిమాటలకి వస్తున్నారు."

"వాళ్ళకి ఈ కంపే ఎదురెళ్ళి మర్యాద చేస్తుంది, నెర్మీన్ నాన్నా."

"మొన్నేగా గొట్టం కడిగించాం?"

"కడిగితే ఆ గది కిందనున్న మట్టిగొట్టం పగులు అతుక్కుంటుందా? అక్కడ అడుగేస్తే పలకలు కుంగుతున్నాయి."

"మరి మా అమ్మ కొన్న బంగారురంగు కుర్చీలు?"

"ముసుగులు తీసి మనమెప్పుడైనా వాటిలో కూర్చున్నామా?"

ఆమె బకెట్ దించి, అన్నాల దగ్గరున్న పిల్లలకు నెమ్మదిగా చెప్పింది.

"రేపు ఆ గది తవ్విస్తున్నాం. పెళ్ళివారు మనతోపాటు వంటింట్లోనే కూర్చుంటారు."