అమ్మ చెప్పాల్సిన మాటలు

హలో… ఆ, చెప్పు, అక్కనే.

లేదు, ఇంకా బయల్దేరలేదు. ఇవాళ మ్యాట్నీకి వస్తే చాలన్నారు. హాలుకి జనం ఎక్కడున్నారు రా… వచ్చే నలుగురూ ఫోన్లోనే టికెట్లు కొనేసుకుంటున్నారు. కౌంటర్లో నేనూ, నెత్తిమీద ఫ్యానూ.

అమ్మా? లోపలి గదిలో పడుకుంది. పొద్దున్నుంచీ మీ చానెలే వింటూ కూర్చుంది, ఇప్పుడే కాస్త ఒరిగింది… ఆ, వింటూ అనే అన్నాను. చూడ్డం ఎక్కడిది. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి వెలుగూ చీకటీ తేడా తెలుస్తోంది, అంతే. నువ్వొచ్చి చూసి వెళ్లాక ఇంకా తగ్గింది.

అది అడగడానికేనా చేశావు?… ఏమో, నువ్వు ఊరికే చెయ్యవు కదా.

తెలుసు. గురువుగారిని పోలీసులు పట్టుకెళ్లారు. వేసిందే వేస్తున్నారుగా. కారు దిగుతాడు, చేత్తో మొహం కప్పుకుంటాడు, మళ్లీ కారు దిగుతాడు. వెనకాల ఆ మ్యూజిక్కొకటి. మా హాల్లో విలన్ వచ్చేటప్పుడు కూడా అంత మోత ఉండదు. మధ్యలో ఆ సీరియల్ పిల్ల పెళ్లి కబుర్లు, మళ్లీ గురువుగారు. ఏది వార్తో ఏది సరదానో తెలీకుండా కలిపేస్తారు, ఎలా వస్తుందో మీకు ఆ విద్య.

అమ్మ ఏమందా?… ఏమీ అనలేదు. సౌండు కొంచెం పెంచమంది.

ఊఁ… ఊఁ… వింటున్నా.

ఏంటీ, మళ్లీ చెప్పు… రేపు కెమెరా తీసుకుని వస్తావా. ఇక్కడికా… ఎవరి కోసం…

బాధితురాలు. … నువ్వే అన్నావురా ఇప్పుడు. ‘ఒక బాధితురాలు కావాలి’ అన్నావు. అమ్మ కావాలి అనలేదు. సర్లే, మీ ఆఫీసు భాష అది.

అంటే, పొద్దున్న పూట గంట టైము గురువుగారికి అమ్ముకుందీ మీరే. ఇప్పుడు సాయంత్రం పూట ఆయన్ని తిట్టించేదీ మీరే. మధ్యలో అమ్మ కన్ను. దాని ముందూ వెనకా యాడ్లు కూడా వస్తాయా?… లేదు, వెటకారం కాదు, తెలుసుకుందామని.

నీకేం సంబంధం లేదా. మరి ఆయన ప్రోగ్రాం ఎడిటింగ్ చేసిందెవరు… ఆ, చాలామంది చేశారు. చాలామందిలో నువ్వూ ఉన్నావు. ఆయన తాకగానే చంకకర్రలు పారేసి నడిచినవాడు వెనక్కెళ్లి మళ్లీ ఆ కర్రలే అందుకున్నాడనీ, ఆ ముక్క కత్తిరించేశాననీ మీ బావకి చెప్పింది నువ్వే కదా. నవ్వుతూ చెప్పావు.

ఇక్కడేమో ఆయన మంత్రం పడుతుందని అమ్మ టీవీ ముందు నీళ్ల సీసా పెట్టుకుని కూర్చునేది. ఆయన తెరమీద చెయ్యి ఆనించమంటే ఆనించేది. గాజు మీద ఆ చేతి మరక రోజూ తుడిచేదాన్ని నేను. ఎంత తుడిచినా మర్నాటికి అక్కడే, అదే చెయ్యి.

మా హాల్లోనూ చచ్చినవాళ్లు లేచొస్తారు రా. గుడ్డివాళ్లకి చూపొస్తుంది. కానీ సినిమా అయిపోగానే లైట్లు వేస్తాం. తలుపులు తీస్తాం. జనం కళ్లు తుడుచుకుని, బండి తాళాలు వెతుక్కుంటూ ఇళ్లకి పోతారు. మీ దాంట్లో లైట్లు ఎవరు వేస్తారు చెప్పు.

ఇంకోటి విన్నావా… గురువుగారి మీద సినిమా తీస్తున్నారట అప్పుడే. మా క్యాంటీన్ ఆయన చెప్పాడు. హీరో గడ్డం కూడా పెంచడం మొదలెట్టాడట. అదీ మా హాలుకే వస్తుంది. ఆ టికెట్లూ నేనే చింపి ఇవ్వాలి.

…దేవుడి మాట ఎందుకిప్పుడు. దేవుడి మీద నాకేం కోపం లేదు. ఆయనేం టీవీలో టైము కొనుక్కోలేదు. ఇప్పటికీ దణ్ణం పెట్టుకునే గడప దాటతాను. ఏం అడగాలో తోచదు. ఊరికే కాసేపు నిలబడి వెళ్లిపోతాను.

సరే, నేను ఎత్తకూడదనుకున్నాను, నువ్వే ఎత్తించావు. సూదులు మానేసి గురువుగారి నీళ్లు తాగితే షుగరు తగ్గుతుందట, నిజమేనా నాన్నా అని అమ్మ ఫోన్ చేసింది నీకు. నన్ను అడగలేదు. నేను టికెట్లు అమ్మేదాన్ని, నాకేం తెలుస్తుంది. నువ్వు లోపలివాడివి. నువ్వేమన్నావు?… గుర్తులేదా. నాకు గుర్తుంది, ఎందుకంటే అమ్మ అదే రోజూ చెప్పేది. ‘నమ్మకం ఉంటే మంచిదేగా అమ్మా’ అన్నావు. ఏదో పనిలో ఉన్నానని పెట్టేశావు.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి సూదులన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి. వాడే చెప్పాడు అంది. పరీక్ష పాసైన పిల్లలా ఉంది మొహం.

…నువ్వు మానెయ్యమనలేదు, నిజమే. మానొద్దనీ అనలేదు. నేను అడ్డం పడలేదనుకుంటున్నావా? ఆ నీళ్ల సీసాలు దాచి పెట్టాను, బతిమాలాను, గొడవపడ్డాను. వాడు చానెల్లో పనిచేస్తున్నాడు, వాడికి తెలీదా అనేది. షుగరు కళ్లకి ఎక్కేదాకా అదే మాట.

ఊఁ… సరే, ఒకటి చెప్పు. అమ్మ సంగతి మీ ఆఫీసులో వాళ్లకెలా తెలిసింది?…

మీటింగులో…

ఎవరి దగ్గరైనా మనిషి ఉన్నారా అని అడిగితే… నువ్వే చెయ్యెత్తావా. మా అమ్మ ఉంది అన్నావా.

లేదు, తప్పుగా ఏమనుకుంటాను. అందరూ ఊరంతా తిరిగి వెతుక్కోవాలి, నీకు ఇంట్లోనే దొరికింది.

ఉద్యోగాలు తీసేస్తున్నారా… నిన్ను కూడానా… మరదలికి చెప్పావా… ఊఁ. చెప్పాల్సింది. దాని మొహం చూసి దాస్తే తర్వాత ఇంకా కష్టం.

అయినా వద్దు. నన్నడిగితే వద్దనే అంటాను. అమ్మ ఏం చెబుతుందనుకుంటున్నావు అసలు? మోసపోయానని ఏడుస్తుందనుకుంటున్నావా? మొన్న బట్టలు మారుస్తుంటే ఏమందో చెప్పనా? ‘ఆయన తప్పేం లేదే. నేనే పూర్తిగా నమ్మలేదు. ఒకసారి భయమేసి నీకు తెలీకుండా షుగరు మాత్ర మింగాను. అందుకే పోయింది కన్ను’ అంది.

…

అదీ సంగతి. వేస్తారా దీన్ని మీ చానెల్లో?

ఆగు. లేచింది… ఆ, వాడేనమ్మా… ఆగు, చెబుతాను, దిగకు, మంచం మీదే ఉండు.

స్పీకర్ పెట్టమంటోంది… వద్దా? ఎందుకు, అమ్మతో పనుండే కదా చేశావు… సరే, పెట్టను. నువ్వు నాకు చెప్పు, నేను అమ్మకి చెబుతాను.

అమ్మా, రేపు వస్తాడట. కెమెరా వాళ్లతో… గురువుగారి గురించి నిన్ను మాట్లాడమంటారట… ఆ, నీ కన్ను గురించి కూడా… వాడి పని కోసం.

ఒరేయ్, లేచి కూర్చుంది. జుట్టు సర్దుకుంటోంది… నేనేం నూరిపొయ్యలేదు. వాడి పని కోసం అన్నాను, నువ్వన్నదే.

కెమెరా ముందుకి వస్తానంటోంది… మాట్లాడతానంటోంది.

ఏంటమ్మా?… దీంతో వాడి ఉద్యోగం నిలబడుతుందా అని అడుగుతోంది రా. ఏం చెప్పను?…

నిలబడుతుందంటున్నాడమ్మా.

ఆగు, ఇంకేదో అంటోంది… తనకి ఏం మాట్లాడాలో తెలీదట. నువ్వు రాసి పంపాలట… గురువుగారిని తిట్టమంటే తిడుతుందట, పొగడమంటే పొగుడుతుందట. నీకు ఏది మంచిదైతే అది. తను చదవలేదు కదా, నన్ను చదివి వినిపించమంటోంది. రెండు మూడుసార్లు వింటే నోటికొచ్చేస్తుందట.

…

ఉన్నావా?

…

ఏడుస్తున్నావా… జలుబా. సరే.

ఒరేయ్, ఇటు విను. అమ్మకి వినపడకుండా చెబుతున్నా. వద్దమ్మా అని ఒక్క మాట అను. నేను చెప్పేస్తాను, షూటింగ్ లేదట అని. వాడికింకేదో పని పడిందట అని. ఆ కర్రలూ, ఆ ఫోనూ, ఆ నీళ్లూ, ఇంకెప్పుడూ ఎత్తను. ఒట్టు. ఉద్యోగం పోతే ఇక్కడికొచ్చెయ్యండి నువ్వూ, మరదలూ, పిల్లా. ఇరుకైతే ఇరుకు. ఏదో ఒకటి దొరికేదాకా నా జీతంతో లాగుదాం. అను.

…

అను రా.

…

ఎంత?… సగం పేజీ. ఊఁ… చిన్న చిన్న వాక్యాలైతే తనకి సులువా. సరే… ఎక్కడ ఆగాలో అది కూడా రాస్తావా. రాయి… ఎక్కడ ఏడవాలో కూడానా?… నువ్వు అనలేదు, నేనే అడుగుతున్నా. అదీ రాస్తే తప్పులు పోకుండా ఉంటుందని.

అమ్మా, రాసి పంపుతాడట.

…నవ్వుతోంది. వాడు చిన్నప్పుడు చేతిరాత బాగుండేది అంటోంది.

నేనా? నేను కెమెరా ముందుకి రాను. చదివి వినిపిస్తాను. రేపు మీరొస్తే తలుపు తీస్తాను. అంతకుమించి నన్నేం అడక్కు.

…ఆ. పంపు. పెట్టేస్తున్నా.