ఐదు బస్తాల ధీమా

"లోకనాథం, టీలో పాలు కాస్త దండిగా పొయ్యి. నిన్న మన సందు పరువు నిలబెట్టినోణ్ణి," అంటూ అచ్చెన్న టీకొట్టు బల్ల మీద కూచున్నాడు. సమ్మెలతో కాలేజీ మూతపడి అతని అటెండరు ఉద్యోగానికి సెలవొచ్చింది గానీ, నోటికి రాలేదు. పజుండౌంగ్ పేట దుకాణాల్లో బియ్యం గింజ కనబడి అప్పటికి పది రోజులు. గుమ్మం పక్కన వెంకమ్మ, నిన్న సందులో పంచిన బియ్యం చేటలో పోసుకుని ఏరుతోంది.

"ఇనండి. నది అవతల దలా నుంచి పడవలో నలబై బస్తాలొచ్చాయా? నాలుగిళ్లకో బస్తా. దించుకోవాలో తిప్పి పంపాలో తేల్చమని సందు కమిటీవోళ్లు నన్ను పిలిచారు. అన్నీ ఇప్పి చూద్దామన్నారు. ఎందుకురా, ఇరవయ్యేళ్లు స్టాటిస్టిక్స్ క్లాసు గుమ్మంలో నిలబడి ఇన్నోణ్ణి నానుండగా అన్నాను. ఐదంటే ఐదు బస్తాల్లో గొట్టం గుచ్చి గింజలు లాగాను. నూటికి ఇరవై నూకలూ చెత్తా. అటు రెండు, ఇటు రెండు. సరుకంతా పద్దెనిమిదికీ ఇరవై రెండుకీ మజ్జినే ఉంటాది, నూరుసార్లు ఇలా లెక్కేస్తే తొంబై ఐదుసార్లు తప్పదు, దించండి అన్నాను. పడవ సరంగు దండవెట్టి, సయాజీ అన్నాడు. అంటే ఆళ్ల బాసలో పెద్ద మాస్టారని."

"ఐదింటితోనే తేల్చీసేవా మావా?" అన్నాడు లోకనాథం.

"ఐదెక్కువ. పోయిన నెల ఏటయిందో తెలుసా? రేవులో ఆగిపోయిన ఓడ కెప్టెను కబురెట్టాడు. గరిటెడు అన్నం వొండించి, ఒక్క మెతుకు నొక్కి, ఓడలో తొమ్మిదివేల బస్తాలు, ఒకటి అటూ ఇటూ అన్నాను. మూడ్రోజులు లెక్కెట్టుకున్నారు. తొమ్మిదివేల ఒకటి."

"సమ్మె ఊరేగింపులో జనాన్ని కూడా లెక్కెట్టేవంట?"

"ఒక్క వరస చెప్పులు చూసి, లక్షకీ లక్షా పదికీ మజ్జిన అన్నాను. లక్షా తొమ్మిదున్నారు. నాను దిగి నడిచాక లక్షా పది. పై దేశం రేడియోవోడు సాయంత్రం అదే అంకె సదివాడు. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? ఇంటికెల్తా చెంబుడు నీళ్లు ముంచి, ఈ నదిలో చేపలు మూడు కోట్లా నాలుగు అన్నాను. ఓ చేప తల పైకెత్తి, మా ఇంటాయన్ని కలిపేవా అనడిగింది."

అందరూ నవ్వారు. వెంకమ్మ చేట కింద పెట్టింది.

"అన్నయ్యా, నువ్వు గుచ్చిన ఐదూ ఏ బస్తాలు?"

"పైనున్నవి. అడుగువి లాగితే నా నడుం ఏటవ్వాలి?"

"మీ ఇంటికి ఏ బస్తాలో బియ్యం ఎల్లాయి?"

"గుచ్చినదాంట్లోవే. ఎలాగూ ఇప్పిందే గదా."

"నాది అడుగు బస్తా. పొద్దుటి నుంచి ఏరుతున్నాను, సగం రాళ్లూ పుచ్చుగింజలే. పిల్లలకి వారం రావాల్సింది మూడ్రోజులు రాదు. మళ్లీ పడవ ఎప్పుడొస్తాదో ఎవడికీ తెలీదు." బియ్యం మూట కట్టి అతని ముందు పెట్టింది. "నీ లెక్కలో నలబై బస్తాలూ ఒకటే గదా. నా మూట నువ్వు తీసుకో, నీ మూట నాకియ్యి."

అచ్చెన్న మూటకి దూరంగా బల్ల చివరికి జరిగాడు.

"తొంబై ఐదుసార్లు తప్పదన్నావు గదా మావా, మార్చీసుకో," అన్నాడు లోకనాథం.

"అది కాదు వెంకమ్మా, నూట్లో ఆ మిగతా ఐదుసార్లున్నాయి సూడు..." అని అతను మొదలెట్టాడు. వెంకమ్మ అప్పటికే మూట నెత్తినెట్టుకుని అతనింటి మెట్లెక్కుతోంది.