ఎర్ర పచ్చడి

ఇంగ్లండు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆగస్టు చివర. లోర్నా పెరట్లోని గాజు షెడ్డులో, పక్కింటి రాల్ఫ్ తెచ్చిపెట్టుకున్న నాలుగు టమాటా కుండీల ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు.

"...ఆ కాయ నిన్న సాయంత్రం ఇక్కడే ఉంది లోర్నా గారూ. బుగ్గ మీద కాస్త ఎరుపు కూడా దిగింది. నా కళ్లతో చూశాను."

"మీ కళ్లకేం, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వస్తారు."

"నిన్న పెట్టుకునే వచ్చాను. ఇదిగో, ఈ కొమ్మకే. ఇప్పుడే తెంపినట్టుంది చూడండి."

"పిట్ట పని అయ్యుంటుంది."

"తలుపు గొళ్లెం తీసి, కాయ కోసి, మళ్లీ గొళ్లెం పెట్టి పోయే పిట్టా?"

"ఏమో మరి. టీ తాగుతారా?"

"తాగుతాను గానీ, ముందు దీని సంగతి తేలాలి. ఆ ఎదురింటి డంకన్ మీద నాకు అనుమానంగా ఉంది. మొన్న గోడ మీంచి ఇటే చూస్తున్నాడు."

"పాపం, అతని జోలికెందుకు?"

"ఇవాళ రాత్రి ఇక్కడే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటాను."

"కూర్చోండి. పొద్దున్నే నేనే అంబులెన్సుకి ఫోను చెయ్యాలి. జూన్‌లో కోట్లు వేసుకున్నాం, జూలైలో హీటరు పెట్టుకున్నాం. పొద్దున సముద్రం మీంచి మంచు, సాయంత్రం అదే మంచు. ఇలాంటి ఎండాకాలంలో ఊళ్లో ఎవరింట్లో ఎర్రబడ్డాయి చెప్పండి? ఆ డంకన్ కూడా కుండీల మధ్య వేడినీళ్ల సంచి పెట్టి జోకొట్టాడట."

"నేనూ పెట్టాను."

"పెట్టారు. నా సంచే. నా కాళ్లు గడ్డకట్టిపోయాయి."

"కాయలు త్వరగా పండుతాయని అరటి తొక్కలు కూడా కట్టాను."

"కట్టారు. షెడ్డంతా కంపు."

"ఇంత చేసినా ఒక్క కాయ చేతికి రాలేదు."

"రాలేదు. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు ఈ బాధ మీకుండదు లెండి. గాలివానకి పగిలిన నా షెడ్డు అద్దాలు మార్చడానికి మేస్త్రీ ఆఖరికి రేపు వస్తానన్నాడు."

"రేపా?"

"రేపే. అందుకే ఇవి పీకేద్దామనుకుంటున్నాను. ఇంక రోజూ సాయంత్రం వచ్చి మీ ప్రాణం తియ్యక్కర్లేదు."

"రేపే ఎందుకు? ఇంకా కాయలున్నాయిగా. సెప్టెంబరులో ఎండ రావొచ్చు."

"ఇందాక మీరే కదా ఎండ లేదు, ఏం లేదు అని..."

"ఇందాక అన్నాను. ఇప్పుడు రావొచ్చు అంటున్నాను."

"సరే, వస్తే వచ్చింది. ఇంకో మాట. ఆదివారం చర్చి హాలుకి వెళ్లారా? పైకప్పు బాగు చేయించడానికని కేకులూ పచ్చళ్లూ అమ్మారు."

"నేనా? లేదే. మోకాలు నొప్పి."

"నేను వెళ్లాను. బల్ల నిండా పచ్చడి సీసాలే. అన్నీ పచ్చి టమాటాలతో పెట్టినవే. ఒకటే రంగు, బురద రంగు."

"అంతేగా మరి. ఈ ఏడు అందరిదీ అదే గతి."

"మధ్యలో ఒక్క సీసా మాత్రం ఎర్రగా ఉంది."

"బీట్‌రూట్ అయ్యుంటుంది."

"నేనూ అదే అనుకున్నాను. ఇదిగో, కోటు జేబులోనే ఉంది."

"ఆ, బీట్‌రూటే. రంగు చూస్తే తెలియట్లా?"

"గింజలున్నాయి."

"కొన్నిట్లో ఉంటాయి."

"మూత మీద కట్టిన గుడ్డ చూశారా? నీలం గళ్లు."

"నీలం గళ్ల గుడ్డ ఎవరింట్లో ఉండదు?"

"మీ వంటింటి కిటికీకి ఉంది. కిందటి నెల దాకా నిండుగా ఉండే కర్టెన్ ఇప్పుడు జానెడు పొట్టిదైంది."

"టీ చల్లారిపోతోంది."

"మీరింకా పెట్టనేలేదు."

"అయితే వెళ్లి పెడతాను."

"లోర్నా గారూ."

"ఏం?"

"ఎందుకు కోశారు? అడిగితే ఇచ్చేవాణ్ని కదా. బుట్టతో తెచ్చి ఇచ్చేవాణ్ని. రోజూ వచ్చి విసిగిస్తున్నాను, వీడి కాయలు కోసేస్తే పీడ విరగడవుతుంది అనుకున్నారేమో. ఆ ముక్క మొహం మీద చెబితే పోయేది."

"విసుగా! ఏప్రిల్‌లో ఈ కుండీలు మోసుకొచ్చినప్పుడు మీరేమన్నారు?"

"ఏమన్నాను?"

"కాయలు ఎర్రబడేదాకానే, ఆ మర్నాడే మీ చోటు ఖాళీ చేసి వెళ్లిపోతాను అన్నారు."

"ఏదో మర్యాదకి అన్నాను."

"నేను నిజమనుకున్నాను. జూలైలో మొదటి కాయ ఎర్రబడింది. మీరు రాకముందే కోసేశాను. రెండోదీ అంతే. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. పారెయ్యడానికి చేతులు రాక పచ్చడి పెట్టాను. అల్మరాలో చోటు చాలక ఒక సీసా ఎవరో అడిగితే చర్చికి పంపాను. ఎర్రగా ఉందే, దొరికిపోతానే అని తట్టనే లేదు."

"ఊరంతా బురద రంగులో ఉంటే మీదొక్కటే..."

"తట్టలేదన్నానుగా. ఎగతాళి చెయ్యకండి."

"చెయ్యట్లేదు."

"నవ్వుతున్నారు."

"నవ్వట్లేదు. దగ్గు."

"సాయంత్రం మీరు ఆ గేటు తీసిన చప్పుడు వినపడకపోతే నాకు ఏమీ తోచదు రాల్ఫ్ గారూ. అన్నం సయించదు. అదీ సంగతి, చెప్పేశాను. దొంగనే. కుండీలు పట్టుకుపోతారో, ఊళ్లో టముకు వేస్తారో, మీ ఇష్టం."

"టీ ఇస్తానన్నారు."

"అయ్యో, ఇప్పుడే! లోపలికి రండి, కూర్చోండి. రొట్టె కోస్తాను. మంచి చీజ్ ముక్క ఉంది. దాని మీదకి ఈ పచ్చడే. మీ టమాటాలు, మొదటి ముక్క మీరే తినాలి."

"వద్దు లెండి. టీ చాలు."

"వద్దంటే ఎలా? ఇన్ని నెలలు చాకిరీ చేశారు. నీళ్లు పోశారు, పిలకలు గిల్లారు. ఒక్క ముక్క."

"వద్దండీ, నిజంగా."

"కోపం పోలేదన్నమాట."

"కోపం కాదు."

"కోపమే. లేకపోతే ఒక్క ముక్క తినడానికి ఏమైంది? తినకపోతే, రేపు కుండీలతో పాటు మీరూ వెళ్లిపోయినట్టే అనుకుంటాను. ఏదీ, నోరు తెరవండి."

"తెరవలేనండీ. ఎలా చెప్పాలో తెలియక ఏప్రిల్ నుంచీ మూసుకునే ఉన్నాను. టమాటా నా ఒంటికి పడదు లోర్నా గారూ, చిన్నప్పట్నుంచీ. తింటే ఒళ్లంతా దద్దుర్లు."