నా ముందున్న పిల్ల

ఎంట్రెన్స్ కోచింగ్ హాస్టల్లో రెండు మంచాల గది. మధ్యాహ్నం భోజనాల వేళ. ఉన్నది ఇద్దరమ్మాయిలు: ప్రతి టెస్టులో మొదటి ర్యాంకు తెచ్చుకుని ‘ఫస్టు’ అని పిలిపించుకునే పిల్ల, ఎప్పుడూ రెండో ర్యాంకు దగ్గరే ఆగిపోయే ‘పిచ్చుక’.

“తలుపు గడియెందుకు పెట్టావే? అన్నం చల్లారిపోతుంది, పద.”

“ఒక్కదానికి జవాబు చెప్పి తిను.”

“తినొచ్చాక చెప్తా.”

“ఇప్పుడే. నిన్నటి టెస్టులో రాయి లెక్క. మేడ మీంచి రాయి వదిలితే నేల మీద పడ్డానికి ఎన్ని సెకన్లు?”

“నాలుగు.”

“ఎలా?”

“ఎలా ఏంటే? చేస్తే వచ్చింది.”

“అయితే చెయ్యి. ఇదిగో పెన్ను, ఇదిగో పేపరు.”

“పిచ్చుకా, నాకాకలేస్తోందే.”

“మేడ ఎత్తు ఎంతుంది అందులో?”

“ఇరవై... ఇరవై మీటర్లు.”

“ఇరవై మీటర్లకి రెండు సెకన్లే పడుతుంది. మళ్ళీ మళ్ళీ చేశాను, రెండే. ఆప్షన్లలో రెండు లేనే లేదు. అచ్చు తప్పు. దానితో గింజుకుని గింజుకుని చివరికి వదిలేశాను. నువ్వేమో నింపాదిగా నాలుగు పెట్టావు. కీలోనూ నాలుగే ఉంది.”

“అచ్చు తప్పని నాకూ తెలిసింది. ఎనభై అయ్యుంటుందనుకున్నా.”

“ఎనభై అనే ఎందుకనుకున్నావు?”

“ఊరికే.”

“నలభై అయిదైతే మూడు సెకన్లు. నూట పాతికైతే అయిదు. అవి కూడా ఆప్షన్లలో ఉన్నాయి. మరి ఎనభై అనే ఎందుకు?”

“గుడ్డిగా పెట్టానే తల్లీ, తగిలింది. అయిపోయిందా?”

“ఇందాక చేస్తే వచ్చిందన్నావు. తర్వాత ఎనభై అనుకున్నానన్నావు. ఇప్పుడు గుడ్డిగా అంటున్నావు.”

“లా చదవాల్సినదానివి, దారి తప్పి ఇక్కడికొచ్చావు.”

“నవ్వకు.”

“నవ్వట్లేదు.”

“నీ రఫ్ కాగితం కూడా చూశాను. ఒక్క లెక్క లేదు దాన్నిండా. పువ్వులు గీశావు. మేమంతా గోళ్ళు కొరుక్కుంటుంటే నువ్వు పువ్వులకి రేకులు దిద్దుతూ కూర్చున్నావు.”

“అది చెత్తబుట్టలో పడేశాను కదే. చెత్తబుట్ట వెతికావా?”

“వెతుకుతాను. నీ అల్మరా కూడా వెతుకుతాను. నువ్వు ఏ పేజీ దగ్గర పుస్తకం మూశావో చూసి, ఇంకో రెండు పేజీలు ఎక్కువ చదివి పడుకుంటాను. నువ్వు స్నానం చేస్తూ పాటలు పాడతావు చూడూ, కడుపు మండిపోతుంది నాకు. దీనికి పాడుకునేంత తీరిక ఎక్కడిదీ అని.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“నా అలారం ఎవరాపుతారో తెలుసు.”

“...అది ఒక్కసారే.”

“సరే. ఒక్కసారే.”

“మాట మార్చకు. పేపరు నీకు ముందే వస్తోంది. ఎవరిస్తున్నారు?”

“ఎవరిస్తారే? ఏదో చదువుకుంటున్నాను, వస్తున్నాయి.”

“ఏది, నువ్వు చదవడం నేనెప్పుడు చూశాను? పుస్తకం తెరిచి పెట్టుకుంటావు, కళ్ళు కిటికీలో ఉంటాయి. నేనేమో తల తిప్పితే ఒక నిమిషం పోతుందని తల కూడా తిప్పను. అయినా నువ్వు ఫస్టు, నేను సెకండు. వారం వారం అదే. గేటు దగ్గర నీ ఫొటో గోడంత. టాపర్లు చదువుకునే గాజు గదిలో మొదటి కుర్చీ నీది. అందరికీ ఒక గ్లాసు పాలైతే నీకు రెండు.”

“ఆ రెండోది నీకే ఇస్తున్నాగా.”

“అదే! అదే ఒళ్ళు మండేది! జాలిపడి పోసే పాలు. మా అమ్మ ఫోన్ చేస్తే తిన్నావా అని అడగదే. ‘ఆ పిల్లకెన్నొచ్చాయి?’ అంటుంది ముందు. ‘ఆ పిల్ల కూడా నీలా అన్నమే తింటోంది కదమ్మా’ అంటుంది. మా నాన్నయితే నీ ఫొటో ఫోన్లో దాచుకున్నాడు. నాది లేదు, నీది ఉంది.”

“పిచ్చుకా...”

“తాకకు నన్ను. డీన్ సార్ దగ్గరికి వెళ్తున్నా.”

“వెళ్ళు.”

“నిజంగా వెళ్తాను.”

“గడియ పెట్టింది నువ్వేగా. తీసుకుని వెళ్ళు.”

“రాయి లెక్క చూపిస్తాను. నీ పువ్వుల కాగితం చూపిస్తాను.”

“చూపించు. ఆయన మీద నీకు అంత నమ్మకముంటే చూపించు.”

“సోమవారం సోమవారం స్టేజీ ఎక్కి ‘నేను ఎలా ఫస్టు వచ్చాను’ అని మాట్లాడతావు కదా. ‘నిజాయితీగా కష్టపడితే రానిదేముంది ఫ్రెండ్స్’ అని. ఆ నోటితోనే ఇదంతా చెప్పిస్తాను.”

“వెళ్ళవేం మరి? నిలబడిపోయావు.”

“వెళ్తా.”

“వెళ్ళు.”

“...ఆదివారం ఆఖరి గ్రాండ్ టెస్టు కదా.”

“అవును.”

“అది కూడా వచ్చేసిందా నీకు?”

“ఎందుకు?”

“వచ్చిందా, లేదా?”

“వస్తే?”

“నాకూ చూపించు.”

“ఏంటన్నావు?”

“విన్నావుగా.”

“ఇప్పటిదాకా దొంగనన్నావే నన్ను.”

“ఎవరికీ చెప్పను. ఒట్టు. ఒక్కసారే. నువ్వు ఏవో రెండు తప్పు పెట్టు, చాలు. గేటు దగ్గర ఒక్క వారం నా ఫొటో ఉండాలి. మా అమ్మ వచ్చి చూడాలి. తర్వాత నీ ఇష్టం, జీవితమంతా నువ్వే ఫస్టుండు.”

“నువ్వా ఈ మాటంటున్నది?”

“నేనే. సిగ్గు లేకుండానే అంటున్నా. నీకు లేని సిగ్గు నాకొక్కదానికెందుకు? కాళ్ళు పట్టుకోమంటావా?”

“ఛీ, లే. లేవే. వదులు నా కాళ్ళు.”

“చూపిస్తానను.”

“నీకక్కర్లేదే.”

“ఎందుకక్కర్లేదు? నీకైతే కావాలీ, నాకైతే అక్కర్లేదా?”

“నీకక్కర్లేదు కాబట్టే నాకిచ్చారు.”

“...ఏంటి?”

“మంచం మీద కూర్చో. కూర్చుంటేనే చెప్తా.”

“కూర్చున్నా.”

“నాకు పేపరు కూడా రాదు. జవాబులే వస్తాయి. ఒకటికి మూడు, రెండుకి ఒకటి, అలా. బట్టీ పడతాను. అందుకే మేడ ఇరవయ్యో ఎనభయ్యో నాకు తెలీదు, పొద్దున క్లాసులో అనుకుంటుంటే విన్నవే నీకు చెప్పాను. ప్రశ్నలు చదవనే చదవను.”

“ఎవరిస్తారు?”

“ఆయనే.”

“ఎవరు ఆయనే?”

“ఎవరి దగ్గరికి వెళ్తానని లేచావో, ఆయనే.”

“డీన్ సారా? ఆయన... ఆయనకేం పని?”

“చేరిన కొత్తలో మొదటి టెస్టులో ఫస్టు ఎవరొచ్చారో గుర్తుందా?”

“నేను.”

“రెండోదాంట్లో?”

“నేనే. కానీ మార్కులు తగ్గాయి.”

“మూడోదాంట్లో ఇంకా తగ్గాయి. నువ్వు వరండాలో చేరి అందరికీ సినిమా కథలు చెప్పేదానివి. నాకూ చెప్పావు, చచ్చేట్టు నవ్వాం. అప్పుడే ఆయన నన్ను పిలిచాడు. నాకు ఆఖరి సెక్షన్‌కి మార్చేంత తక్కువ మార్కులొచ్చాయి. మన సెక్షన్ జాబితాలో నా పేరు కొట్టేసి కూడా ఉంది. ‘ఇంటికి ఫోన్ చెయ్యమంటావా, నేను చెప్పినట్టు చేస్తావా’ అన్నాడు.”

“ఏం చెయ్యమన్నాడు?”

“నీ గదిలో ఉండమన్నాడు. నీ కంటే కొంచెం ముందు ఉండమన్నాడు. మరీ ముందు కాదు, కొంచెం. ‘అది తెలివైన పిల్ల, కానీ ముందెవరూ లేకపోతే నడక ఆపేస్తుంది’ అన్నాడు.”

“అదెలా తెలుసు ఆయనకి?”

“చేర్పించేటప్పుడు మీ నాన్నే చెప్పాడట గొప్పగా. చిన్నప్పుడు నీకు సైకిలంటే ఇష్టమే లేదట. పక్కింటి పిల్ల నేర్చుకుందని తెలిసి మోకాళ్ళు చెక్కుకుపోయినా దిగకుండా తొక్కావట.”

“అబద్ధం.”

“సైకిలా?”

“సైకిలు నిజమే. మిగతాదంతా అబద్ధం. నువ్వు తప్పించుకోవాలని అల్లుతున్నావు.”

“అయితే ఎనభై మీటర్లకి నాలుగు సెకన్లు ఎలా వస్తుందో చెప్పు నాకు.”

“నన్నడుగుతావేంటి?”

“నాకు రాదే. ఇప్పుడు కూడా రాదు. నీ ముందు కూర్చుని చెయ్యమన్నా రాదు. కొన్ని కావాలని తప్పు పెట్టమంటాడు, అనుమానం రాకుండా. ఏవి పెట్టాలో కూడా ఆయనే గుర్తు పెట్టిస్తాడు. తప్పు చెయ్యడం కూడా నాకు సొంతంగా రాదు.”

“సోమవారం స్పీచ్?”

“రాసిచ్చిందే చదువుతాను.”

“ఒప్పుకున్నావా? ఏడాది పొడుగునా ఎలా ఒప్పుకున్నావే దీనికి?”

“మొదటి వారం ఏడ్చాను. రెండో వారం ఫొటో పెట్టారు. మా నాన్న సెలూన్లో అద్దం పక్కనే అతికించాడు. గడ్డం గీయించుకోడానికొచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడట. గొంతు మీద కత్తి ఉంటే కాదనేదెవరు, అందరూ ఆహా ఓహో అంటారు. ఫోన్లో ఆయన నవ్వు వినాలి నువ్వు. ఆ నవ్వు విన్నాక ‘నాన్నా, అది నేను కాదు’ అని చెప్పడం నా వల్ల కాలేదు.”

“నన్ను చూస్తూ ఉన్నావు కదే. పక్క మంచం మీదే. నిద్ర మానేసి, జుట్టు రాలిపోయి, నిన్ను తిట్టుకుంటూ చదువుతుంటే చూస్తూ ఉన్నావు.”

“చూస్తూ ఉన్నాను. నాకూ కడుపు మండేది.”

“నీకెందుకు?”

“నీకు నిజంగా వస్తుంది కనక. నువ్వు లెక్క చేస్తున్నప్పుడు పెదవులు కదుపుతావు. చివరికి తేలగానే ఒక్కసారి కాలు ఊపుతావు. ఆ కాలు ఊపడం చూస్తే నాకు నిన్ను చంపాలనిపించేది. గేటు దగ్గర ఫొటో నాది, కాలు ఊపేది నువ్వు.”

“అంటే... ఏడాదంతా ఫస్టు...”

“నువ్వే. ప్రతి వారం. నీ దరిదాపుల్లో కూడా ఎవరూ లేరు.”

“నేనే.”

“నువ్వే. నవ్వవేం?”

“నవ్వాలా?”

“నువ్వు కోరుకున్నది ఇదేగా. ఇప్పుడు వెళ్ళి మీ అమ్మకి చెప్పు. కావాలంటే నేనే చెప్తా ఫోన్లో. ఆయన నన్ను పంపించేస్తే పంపించేస్తాడు. వచ్చే వారం ఎంట్రెన్స్‌కి ఎలాగూ నాకు జవాబులెవరూ ఇవ్వరు.”

“వద్దు. చెప్పకు.”

“సరే. అన్నం తిందాం పద. తినొచ్చి కెమిస్ట్రీ మొదలుపెట్టు. నిన్నెక్కడాపావు?”

“తెలీదు.”

“ఇదిగో, ఇక్కడ పెన్సిలు పెట్టావు. అన్నం తర్వాత తిందాం. చదువు.”

“చదువుతున్నా.”

“ఎక్కడ? ఒక్క పేజీ తిప్పలేదు.”

“అక్షరాలు కనిపిస్తున్నాయి. ఇదంతా ఎందుకో తెలీట్లేదు.”

“ఎందుకేంటే? డాక్టరవుతావు.”

“ఎవరన్నారు అవుతానని?”

“మరి ఏమవ్వాలని చదివావు ఇంతకాలం?”

“నీ ముందు నిలబడాలని.”

“నిలబడ్డావుగా. మొదట్నుంచీ నా ముందే ఉన్నావు.”

“అదే. ఉన్నాను. అయిపోయింది.”

“అలా మాట్లాడకు, భయమేస్తోంది. వారమే ఉందే. ఈ ఒక్క వారం చదివితే చాలు.”

“మూసెయ్ ఆ పుస్తకం. నువ్వెళ్ళి తిను. నాకు నిద్రొస్తోంది. ఎంతకాలమైందో హాయిగా నిద్రపోయి.”

“పిచ్చుకా, లే.”

“దుప్పటి లాగకు.”

“లేవే. ఇటు చూడు.”

“ఏంటి?”

“నేను చెప్పిందంతా అబద్ధం.”

“ఏది?”

“అంతా. నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. డీన్ సార్‌కి నీ పేరు కూడా సరిగ్గా తెలీదు. ఆఖరి వారంలో నువ్వు నన్ను దాటిపోతావేమోనని భయమేసి, నీ చేత పుస్తకం మూయించడానికి ఇదంతా అల్లాను. మూసేశావు కూడా, పిచ్చిమొహమా.”

“మరి ఎందుకేడుస్తున్నావు?”

“నవ్వొచ్చి.”

“నిజం చెప్పు.”

“నీ కంటే తెలివైనదాన్ని నేను, అదీ నిజం. నువ్వు చచ్చీ చెడీ చదివేది నాకు చూస్తే వస్తుంది. వచ్చే వారం కూడా నీ ముందే ఉంటాను, మీ అమ్మ మళ్ళీ నా మార్కులే అడుగుతుంది. కోపమొస్తోందా?”

“...వస్తోంది.”

“బాగా?”

“నిన్ను చంపెయ్యాలన్నంత.”

“అయితే ఆ పుస్తకం తియ్.”