ఝెల్యు రావాలి

త్రావ్నా ఊళ్ళో ఎవరు పోయినా ఫోటోతో నల్లంచు కాగితం వేయించి, ఇంటి తలుపుకీ వీధి స్తంభాలకీ అంటిస్తారు. అవి అచ్చువేసే కొట్టులోకి ఆదివారం పొద్దున్నే పక్కవీధి ఆవిడ కవరు పట్టుకుని వచ్చింది.

"చావుకాగితం వెయ్యాలమ్మా. రేపే ఖననం."

"అయ్యో, ఇవాళే రావాలా అక్కా? నిన్న కంప్యూటర్లో కొత్త సిస్టమ్ ఎక్కించాను. అప్పట్నుంచీ అది ఈ ప్రింటర్ని గుర్తుపట్టనంటోంది."

"గుర్తుపట్టకపోవడమేంటి? మా ఆయన కాగితం వేసింది ఇదేగా!"

"ఇదే. ఇప్పుడు మరీ పాతదైపోయిందట."

"స్తంభాల మీద కాగితం లేకపోతే రేపు ఎవరొస్తారు? పెట్టె మొయ్యడానికైనా మనుషులుండాలిగా!"

"కంగారుపడకు. ఝెల్యు వస్తున్నాడు. 'నేను లేకుండా కొత్తది ఎక్కించకు, ప్రింటర్ అలుగుతుంది' అని మొత్తుకున్నాడు. నేనే వినలేదు. పొద్దున్నే వచ్చి నన్ను తిట్టి, దాన్ని బాగుచేస్తానన్నాడు. కూర్చో, కాఫీ ఇస్తాను."

ఆవిడ కూర్చోలేదు.

"ఏంటలా చూస్తావు? ఈలోగా ఆ కవరు ఇలా ఇవ్వు, ఫోటో చూస్తాను. అక్కా, వేరే కవరు తెచ్చినట్టున్నావు. ఇది ఝెల్యు ఫోటో."

"వాళ్ళావిడ రుమ్యానా పంపింది. నిద్రలోనే పోయాడట."

"నిన్న ఫోన్లో నవ్వాడక్కా! పొద్దున్నే వస్తానన్నాడు!"

"ఏడవకమ్మా. కాగితం సంగతేంటి?"

"ఆ స్కేలు ఇలా ఇవ్వు. అంచులు గీసి నా చేత్తోనే రాస్తాను. ఉన్న ఈ ఒక్క ఫోటో వాళ్ళింటి తలుపుకి అంటిద్దాం."

"ఫోటో లేకపోతే స్తంభాల మీద చూసేవాళ్ళకి ఎవరని తెలుస్తుంది?"

"పేరు చాలు. ఈ ఊళ్ళో అతను బాగుచెయ్యని మిషను ఇదొక్కటే."