ఆయన లేని కృతజ్ఞత కూడిక

ఆదివారం ఆరాధన అయినాక తోటపల్లి గూడూరు చర్చి గుమ్మంలో ఇద్దరు తల్లులు ఆగినారు. చిన్నామె భర్త క్షయ ఆసుపత్రిలో నయమై ఇంటికొచ్చి నెలయింది.

“సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. పిల్లల్ని తీసుకొని రావాలక్కా.”

“రావాలనే ఉందమ్మా. చంటిదానికి ఒళ్లు వెచ్చగా ఉంది.”

“ఇందాక నా చంకలో నవ్వతా ఉండె గదా!”

“ఇప్పుడే వెచ్చబడింది. గాలి తగిలితే ఏమవుతుందోనని నా భయం.”

“పెద్దోణ్ణయినా పంపు. వాడికి పాయసమంటే ఇష్టం.”

“వాడికి పరీక్షలమ్మా.”

“ఎండాకాలం సెలవుల్లోనా?”

“నాది పిరికి గుండె, నీకు తెలుసు గదా. పిల్లల మాటొస్తే చెడే తోస్తుంది.”

“తెలుసక్కా. అందుకే ఆయన పొద్దున బస్సుకే టౌనులో చెల్లెలింటికి పోయినాడు. గ్లాసులు కూడా ఆయన తాగినవి కాదు, మా అమ్మ ఇంటి నుంచి తెచ్చినా.”

“ఆయన కోసం పెట్టిన కూడికే గదా!”

“‘నేనుంటే ఎవరూ రారు, నేను లేకుండానే పాడుకోండి’ అన్నాడు.”

“అయ్యో... చంటిదానికి జ్వరం లేదే. నేనే...”

“తెలుసక్కా, నేనూ బిడ్డల తల్లినే. ఆరింటికి రా. ఇంట్లో ఆయన ఉండడు.”